మజ్జిగ తాగిస్తే నట్టలు పడతాయా? లేగదూడల కడుపులో జరిగేది ఏమిటి

సంక్షిప్తంగా: పులిసిన మజ్జిగ, విరుగుడు నీళ్లు (పాలు విరిగాక మిగిలే నీరు), వెన్న తీసిన పాలు లేగదూడలకూ మేకపిల్లలకూ నట్టల మందుగా పనిచేస్తాయన్న నమ్మకం పాతది. వీటిలో పోషణ ఉంది, కొన్ని రకాల పారుడును తగ్గించే గుణమూ ఉంది. పేగుల్లోని పురుగును చంపే శక్తి ఉందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. వీటికి వచ్చిన పేరులో ఎక్కువ భాగం పరాన్నజీవుల జీవితచక్రం పుణ్యమే.

## ఈ ప్రశ్న మళ్లీ ఎందుకు లేచింది

నట్టల మందులు మునుపటిలా పనిచేయడం లేదన్న ఫిర్యాదు పెరిగేకొద్దీ చూపు ఇంట్లో దొరికే వస్తువుల వైపు మళ్లుతోంది. అందుకు కారణం లేకపోలేదు. ఆధునిక నట్టల మందుల్లో మొదటి పెద్ద పేరు థయాబెండజోల్. అది 1961లో వచ్చింది. గొర్రెల నాలుగో పొట్టలో చేరి రక్తం పీల్చే హిమాంకస్ పురుగు ఆ మందుకు లొంగడం మానేసిందని 1964కే నమోదైంది. 1981లో వచ్చిన ఐవర్‌మెక్టిన్ పశువైద్యం తీరునే మార్చేసింది. దాని వెనుక కృషి చేసిన విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ మందుకు కూడా పదేళ్లు తిరక్కముందే మొండికేసిన పురుగులు కనిపించాయి.

బరువు చూడకుండా తక్కువ మోతాదులో, మందలోని జీవాలన్నిటికీ, ఏడాదికి పలుమార్లు ఒకే మందు పోస్తూ పోతే బలహీనమైన పురుగులు చస్తాయి. తట్టుకున్నవి గుడ్లు పెడతాయి. కొన్నేళ్లకు ఆ మందలో మిగిలేది వాటి సంతతే. మందు మీద మందు మార్చి విసిగిపోయిన రైతుకు ఖర్చు లేని, పాలలో అవశేషాల భయం లేని మజ్జిగ మంచి దారిలా కనిపించడం సహజం. అయితే ఆ దారి ఎక్కడిదాకా వెళుతుందో చూడాలంటే ముందు పురుగు ఎక్కడుంటుంది, ఎన్నాళ్లుంటుంది అన్నది తెలియాలి.

## ఏ వయసులో ఏ పరాన్నజీవి

పుట్టిన తొలి నెలల్లో పిల్ల కడుపులో చేరేవి అన్నీ ఒకే జాతివి కావు. వాటి వరుస కూడా దాదాపు వయసును బట్టే నడుస్తుంది.

ఐదో రోజు నుంచి రెండు వారాల వరకు దూడలను ఎక్కువగా పీడించేది క్రిప్టోస్పోరిడియం. ఇది పురుగు కాదు, కంటికి కనిపించని ఏకకణ జీవి. పేగు లోపలి పొర కణాల్లో దూరి, ఆహారాన్ని పీల్చుకునే చూషకాలను దెబ్బతీస్తుంది. పసుపు పచ్చని నీళ్ల పారుడు మొదలవుతుంది. మూడు వారాలు దాటాక ఐమీరియా జాతి వంతు వస్తుంది. ఇదీ ఏకకణ జీవే. రైతులు రక్తపారుడు అనేది దీన్నే. దూడల్లో ఐమీరియా బోవిస్, ఐమీరియా జుర్నీ అనేవి ముఖ్యమైనవి. గొర్రెలకు, మేకలకు వేరే రకాలున్నాయి. పిల్లలు మేతకు వెళ్లడం మొదలుపెట్టాక హిమాంకస్, బద్దె పురుగులు చేరతాయి.

వీటన్నిటిలో ప్రత్యేకంగా చెప్పుకోవలసింది టాక్సోకారా విటులోరమ్ అనే ఏలికపాము. గేదె దూడల్లో ఇది చేసే నష్టం ఎక్కువ. దూడకు ఇది నేల నుంచి అంటేది కాదు, తల్లి నుంచే వస్తుంది. ఎప్పుడో తల్లి మింగిన గుడ్ల నుంచి వచ్చిన డింభకాలు (పిల్ల పురుగులు) ఆమె కండరాల్లో, ఇతర అవయవాల్లో నిద్రాణంగా పడి ఉంటాయి. ఈనే సమయం దగ్గర పడగానే అవి పొదుగు చేరి, తొలి రోజుల పాలతో దూడ కడుపులోకి దిగుతాయి. మూడు నాలుగు వారాలకు పెద్ద పురుగులై చిన్నపేగును నింపేస్తాయి. ఆడ పురుగు 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పొట్ట ఉబ్బి, వెంట్రుకలు బిరుసెక్కి, నోటి నుంచి పుల్లటి వాసన వేసే దూడను చూసి అనుభవం ఉన్న పశుపోషకులు ఇట్టే గుర్తుపడతారు. పేడ వైద్యశాలకు చేరేలోపే దూడ చనిపోయే సందర్భాలూ ఉంటాయి.

ఆ పైన జరిగేదే ఈ చర్చకు కీలకం. నాలుగైదు నెలలు నిండేలోపు, ఏ మందూ పడకపోయినా, బతికి బట్టకట్టిన దూడలు చాలావరకు ఈ పురుగులను వాటంతట అవే బయటికి నెట్టేస్తాయి.

## మజ్జిగకు పేరు ఎలా వచ్చింది

రెండు నెలలు దాటిన దూడ పొట్ట ఉబ్బి నీరసంగా ఉందనుకుందాం. వారం రోజులు పులిసిన మజ్జిగ తాగించారు. ఎనిమిదో రోజున పేడలో తెల్లటి పొడవాటి పురుగులు చుట్టలు చుట్టుకుని పడ్డాయి. ఇంత కళ్లకు కట్టిన సాక్ష్యం ఉంటే మజ్జిగ పనిచేయలేదని ఎవరు నమ్ముతారు? కానీ ఆ వయసు దూడలో పురుగులు పడడం అప్పటికే మొదలై ఉండవచ్చు. మజ్జిగ తాగని పక్క దూడ పేడను కూడా అదే వారం చూసి ఉంటేనే తేడా తెలిసేది. ఆరోగ్యంగా ఉన్న దూడ పేడను ఎవరూ వంగి చూడరు.

రక్తపారుడు విషయంలోనూ ఇదే తంతు. ఐమీరియా పేగు కణాల్లో నిర్ణీత సంఖ్యలో మాత్రమే తరాలు మారుతుంది. ఆ తరాలు పూర్తికాగానే మిగిలినవి పేడతో బయటపడిపోతాయి. కొత్తగా బయటి నుంచి చేరకపోతే జబ్బు దానంతటదే చల్లబడుతుంది. పైగా రక్తం కనిపించేది చక్రం చివరి దశలో. అంటే రైతు కంగారుపడి చికిత్స మొదలుపెట్టే రోజుకే పరాన్నజీవి పని సగానికి పైగా అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఏది తాగించినా నాలుగైదు రోజుల్లో చాలా పిల్లలు తేరుకుంటాయి. పేరు మాత్రం తాగించినదానికి దక్కుతుంది. ఇది మజ్జిగకే కాదు, ఆలస్యంగా ఇచ్చిన ఖరీదైన మందుకూ వర్తిస్తుంది.

పేడ పరీక్షలోనూ ఒక చిక్కుంది. గ్రాము పేడలో ఎన్ని గుడ్లున్నాయో లెక్కించడం మామూలు పద్ధతి. ఒక మేకపిల్ల గట్టి పెంటికలు వేస్తున్నప్పుడు గ్రాముకు 800 గుడ్లు వచ్చాయి. విరుగుడు నీళ్లు తాగించాక పెంటికలు మెత్తబడి, నీరు చేరి, రోజుకు వేసే పేడ బరువు రెట్టింపయింది. పురుగులు ఎప్పటిలాగే గుడ్లు పెడుతున్నా లెక్క మాత్రం 400 చూపిస్తుంది. కాగితం మీద సగానికి సగం తగ్గినట్టే. కడుపులో మాత్రం ఒక్క పురుగూ చావలేదు.

## పులుపు పురుగును చంపుతుందా

మజ్జిగ పక్షాన వినిపించే మొదటి వాదన దాని పులుపు. బాగా పులిసిన మజ్జిగ పీహెచ్ (ఆమ్లతను చెప్పే కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 నుంచి 4.5 మధ్య ఉంటుంది. లాక్టిక్ ఆమ్లం ఒక శాతానికి అటూ ఇటూ. బయట గిన్నెలో ఈ పులుపు చాలా సూక్ష్మజీవులను అణచగలదు.

కడుపులో లెక్క వేరు. పాలు తాగే దూడ నాలుగో పొట్టలో, పాలు అరిగాక, పీహెచ్ 2 దగ్గరికి దిగుతుంది. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరిగినట్టు. అంటే పొట్ట సొంతంగా ఊరించే ఆమ్లం ముందు మజ్జిగ పులుపు చాలా బలహీనం. హిమాంకస్ ఆ తీవ్రమైన ఆమ్లంలోనే కాపురం చేస్తుంది. ఇక టాక్సోకారా ఉండేది చిన్నపేగులో; అక్కడికి చేరేసరికి పైత్యరసం, క్లోమరసం కలిసి పులుపును విరిచేస్తాయి. లాక్టిక్ ఆమ్లంలో చాలా భాగం పేగు గోడల గుండా రక్తంలోకి పోయి శక్తిగా ఖర్చయిపోతుంది.

ఐమీరియా, క్రిప్టోస్పోరిడియం సంగతి ఇంకా కష్టం. అవి పేగులో తేలుతూ ఉండవు. ఐమీరియా బోవిస్ తొలి తరం చిన్నపేగు చూషకాల లోపలి శోషరస నాళాల కణాల్లో ఎదుగుతుంది. కోసి చూస్తే తెల్లటి చుక్కల్లా కంటికి కూడా ఆనుతుంది. పేగు గుండా ప్రవహించే మజ్జిగ ఆ కణాల లోపలికి వెళ్లే దారి లేదు.

అయినా ఈ ఆలోచనలో కొంత శాస్త్రం ఉందని చెప్పే ప్రయోగాలు రెండు ఉన్నాయి. 1925లో కాలిఫోర్నియాలో కోడిపిల్లల మేతలో పాలచక్కెరను, ఎండబెట్టిన వెన్నతీసిన పాలను కలిపి ఐమీరియా మీద పరీక్షించారు. అంధనాళంలో, అంటే పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలో, పులుపు పెరిగితే పరాన్నజీవి తగ్గుతుందని అంచనా. ఆశ కలిగించే ఫలితాలే రావడంతో కొన్నేళ్లు ఆ పద్ధతి పాటించారు కూడా. తర్వాతి పరీక్షల్లో అది నిలకడగా రుజువు కాలేదు. 1939 నుంచి సల్ఫా మందులు రావడంతో దాని ఊసే మరుగున పడింది.

రెండోది పందులపై జరిగింది. లాక్టిక్ ఆమ్లాన్ని, పేగులోని పులియబెట్టే క్రియలో పుట్టే ఇతర చిన్న ఆమ్లాలను నేరుగా అంధనాళంలోకి గొట్టం ద్వారా పంపినప్పుడు ఈసోఫాగోస్టోమమ్ అనే పెద్దపేగు పురుగులు బాగా తగ్గాయని డెన్మార్క్ పరిశోధకులు 2004లో ప్రకటించారు. ఇక్కడ గమనించవలసిన మాట "నేరుగా". నోటి ద్వారా పోసిన ఆమ్లం అంతదూరం చేరదు. చిన్నపేగులో అరగకుండా మిగిలిన పిండి, చక్కెర పదార్థాలు పెద్దపేగులో పులిస్తే అక్కడే ఆమ్లం పుడుతుంది. పాలు మరిచిన పందులకు పాలచక్కెర సరిగా అరగదు కాబట్టి, విరుగుడు నీళ్లు వాటి పెద్దపేగు పురుగుల మీద కొంత ప్రభావం చూపే అవకాశం సిద్ధాంతపరంగా ఉంది. పాలచక్కెరను చక్కగా అరిగించుకునే లేగదూడకూ, చిన్నపేగు పురుగుకూ ఈ వాదన అతకదు.

## మేలు చేసే బ్యాక్టీరియా సంగతి

పులిసిన మజ్జిగలో కోట్ల కొద్దీ లాక్టిక్ బ్యాక్టీరియా ఉంటాయి. ఇవి పేగులో చోటు ఆక్రమించి ఈ.కోలై లాంటి హానికర బ్యాక్టీరియాను అడ్డుకోగలవు. తొలి వారాల్లో పారుడు తగ్గిందని చెప్పే దూడల అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. ఒక లాక్టోబాసిల్లస్ రకం జెర్బిల్ ఎలుకల్లో జియార్డియా అనే ఏకకణ పేగు పరాన్నజీవిని అదుపు చేసినట్టూ తేలింది. కాని దూడల్లో క్రిప్టోస్పోరిడియం మీద కాలిఫోర్నియాలోని ఒక డెయిరీలో చేసి 1996లో ప్రచురించిన క్షేత్ర పరీక్షలో లాక్టిక్ బ్యాక్టీరియా తాగిన దూడలకూ తాగని దూడలకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అపోహ ఎక్కువగా పుట్టేది ఇక్కడే. పారుడుకు కారణాలు అనేకం: తొలి నాలుగైదు రోజుల్లో ఈ.కోలై, తర్వాత రోటా వైరస్, క్రిప్టోస్పోరిడియం, సాల్మొనెల్లా, ఇంకా తర్వాత ఐమీరియా. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మజ్జిగ వల్ల బ్యాక్టీరియా పారుడు ఒకటి తగ్గితే, "పురుగు పోయింది" అన్న మాటగా అది ఊరంతా పాకుతుంది. పాలను పీహెచ్ 4 నుంచి 4.5కు పులుపెక్కించి దూడలకు రోజంతా అందుబాటులో ఉంచే పద్ధతి పెద్ద డెయిరీల్లో ఉంది. దాని ఉద్దేశం పాలలో బ్యాక్టీరియా పెరగకుండా చూడడం. నట్టల కోసం దాన్ని ఎవరూ వాడరు.

## కలిపే పసర్లు, నిల్వ ఉంచే పాత్రలు

సంప్రదాయ వైద్యంలో మజ్జిగను ఒంటరిగా వాడడం తక్కువ. చేదు ఆకుల పసరో, గింజల పొడో, బెరడు కషాయమో కలిపి పోస్తారు. మొక్కల్లో పురుగుల మీద పనిచేసే పదార్థాలు నిజంగానే ఉన్నాయి. టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) అధికంగా ఉన్న మేత తిన్న మేకల్లో హిమాంకస్ గుడ్లు తగ్గడం పలు పరీక్షల్లో తేలింది. అలాంటి మిశ్రమం పనిచేసిందంటే గొప్పతనం మజ్జిగది కాకపోవచ్చు. ఇంకో మెలిక కూడా ఉంది: టానిన్లు పాల మాంసకృత్తులను, ముఖ్యంగా కేసీన్‌ను, గట్టిగా పట్టుకుంటాయి. వగరు బెరడు కషాయాన్ని చిక్కటి మజ్జిగలో కలిపితే టానిన్ పురుగును చేరకముందే కేసీన్‌తో కలిసిపోయి బలం కోల్పోతుంది. మంచి మందును కూడా తప్పు ద్రవంలో కలిపి పాడుచేసుకోవచ్చన్నమాట.

పాత్ర కూడా లెక్కలోకి వస్తుంది. రాగి, ఇత్తడి పాత్రల్లో పుల్లటి మజ్జిగ నిల్వ ఉంటే అందులో రాగి కరుగుతుంది. ఆధునిక మందులు రాకముందు గొర్రెల హిమాంకస్‌కు మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్ ద్రావణం, ప్రధానమైన మందు. ఈ రోజుల్లో కాపర్ ఆక్సైడ్ తీగముక్కల గొట్టాలు అదే పురుగు మీద పనిచేస్తున్నాయి. కాబట్టి పాత మజ్జిగ వైద్యాల్లో కొన్ని పనిచేసి ఉంటే అందుకు కరిగిన రాగి కారణమయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేం. ఇది ప్రోత్సహించదగిన పద్ధతి మాత్రం కాదు. గొర్రెలకు రాగి విషం చాలా తేలిగ్గా ఎక్కుతుంది. అది కాలేయంలో నెలల తరబడి పేరుకుని ఒక్కసారిగా రక్తకణాలను ఛిద్రం చేసి ప్రాణం తీస్తుంది. మోతాదు తెలియని రాగి మజ్జిగ గొర్రెపిల్లకు పురుగు కన్నా ప్రమాదం.

## మజ్జిగ, విరుగుడు ఒకటి కావు

మాంసకృత్తులు బాగా అందిన పిల్ల పురుగులను మెరుగ్గా తట్టుకుంటుంది. ఇది గొర్రెల మీద ఎన్నోసార్లు రుజువైన సంగతి. కాబట్టి పాల ఉత్పత్తుల అసలు బలం పోషణలోనే ఉంది. అందులోనూ తేడాలున్నాయి. నీళ్లు కలపని మజ్జిగలో మాంసకృత్తులు మూడు శాతం ఉంటాయి. విరుగుడు నీళ్లలో ఒక శాతం కూడా ఉండవు. అందులో ఎక్కువగా మిగిలేది పాలచక్కెర, ఉప్పులు. ఐదు కిలోల మేకపిల్లకు 200 మిల్లీలీటర్ల చిక్కటి మజ్జిగ తాగిస్తే దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. పాలకు అదనంగా ఇస్తే అది లాభం. తల్లి పాలు పిండుకుని వాటి బదులు ఇస్తే నష్టం.

క్రిప్టోస్పోరిడియం సోకిన దూడకు విరుగుడు నీళ్లు ఇవ్వడం మరీ చేటు. చూషకాలు దెబ్బతిన్న పేగు పాలచక్కెరను అరిగించలేదు. అరగని చక్కెర నీటిని పేగులోకి లాగి పారుడును పెంచుతుంది. ఆ స్థితిలో దూడకు కావలసింది ఉప్పు, నీరు. దూడల కోసం తయారుచేసే ఉప్పు ద్రావణాల్లో లీటరుకు 90 నుంచి 130 మిల్లీమోల్ సోడియం ఉంటుంది; పాలలో అది పాతిక లోపే. మజ్జిగ తాగుతున్నది కదా అని ఉప్పు ద్రావణం మానేస్తే దూడ పరాన్నజీవి వల్ల కాదు, నీరు ఇంకిపోయి చస్తుంది.

## ఇచ్చే తీరులో ఉన్న ముప్పు

పొదుగు చీకేటప్పుడు దూడ అన్ననాళం చివర ఒక మడత ముడుచుకుని పాలను మొదటి పొట్టలో పడకుండా నేరుగా నాలుగో పొట్టకు పంపుతుంది. గొట్టంతో బలవంతంగా పోసినప్పుడు ఆ మడత సరిగా ముడుచుకోదు. మజ్జిగ ఇంకా ఎదగని మొదటి పొట్టలో పడి పులిసిపోతుంది. పొట్ట ఉబ్బడం, వెంట్రుక మెరుపు తగ్గడం, బంకమట్టిలా పాలిపోయిన పేడ దీని గుర్తులు. ఈ గుర్తులను కూడా నట్టలుగా పొరబడి మరింత మజ్జిగ పోసేవారున్నారు.

తల పైకెత్తి, నాలుక లాగి పట్టుకుని పోస్తే ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండు మూడు రోజుల్లో దగ్గు, జ్వరం, న్యుమోనియా. ముట్టె ఎప్పుడూ కంటి మట్టం దాటకూడదు. గిన్నెలో పెట్టి తాగనివ్వడం, చీకే సీసాతో పట్టడం అన్నిటికన్నా క్షేమం.

పచ్చిపాలతో చేసిన మజ్జిగ, విరుగుడు మరో ముప్పు. జోనీ వ్యాధి (పశువుల్లో తగ్గని పారుడుతో చిక్కిపోయే పేగు జబ్బు) కలిగించే బ్యాక్టీరియా పులుపుకు తేలిగ్గా చావదు. అది ఎక్కువగా సోకేది లేత వయసులోనే. లక్షణాలు బయటపడేది రెండేళ్లు దాటాక. బ్రూసెల్లా, క్షయ కూడా పచ్చిపాల దారిలో రాగలవు. కాచిన పాలను తోడుపెట్టి చేసిన మజ్జిగకే ఈ భయం ఉండదు.

## పనిచేస్తుందో లేదో తేల్చేది ఎలా

ఏ నట్టల మందుకైనా ఒకే కొలత ఉంది: ఇచ్చే ముందు, ఇచ్చిన 10 నుంచి 14 రోజులకు గ్రాము పేడలో గుడ్లు లెక్కించాలి. 95 శాతం తగ్గితే మందు పనిచేసినట్టు. అదే వయసు పిల్లలను కొన్నిటిని ఏమీ ఇవ్వకుండా పక్కన ఉంచి వాటి లెక్కతో పోల్చాలి. సహజంగా పురుగులు పడిపోయే వయసులో ఈ పోలిక లేకపోతే లెక్కకు అర్థమే ఉండదు. పేడ పలుచగా ఉందో గట్టిగా ఉందో కూడా రాసుకోవాలి. మజ్జిగ సమర్థకులు దాన్ని ఈ పరీక్షకు నిలబెట్టడానికి వెనుకాడనవసరం లేదు. పశువైద్యశాల సూక్ష్మదర్శిని, పది పిల్లల పేడ ఉంటే చాలు.

గేదె దూడల టాక్సోకారాకు మాత్రం ప్రయోగాలు చేస్తూ కూర్చునే వ్యవధి ఉండదు. పాలతో వచ్చిన పురుగులు గుడ్లు పెట్టే వయసుకు రాకముందే, దూడకు పది నుంచి పదహారు రోజుల వయసులో, పశువైద్యుడు చెప్పిన మోతాదులో పైరాంటెల్ లాంటి మందు ఒక్కసారి పడితే దూడ బతుకుతుంది, కొట్టంలో గుడ్లు రాలడమూ ఆగుతుంది. మట్టిలో పడిన గుడ్లు మందపాటి పొర వల్ల నెలల తరబడి బతికి, రేపు చూడి కట్టబోయే పెయ్యల నోట్లోకి చేరి మళ్లీ పాల దారి పడతాయి. ఆ రెండో వారంలో మందు మాని మజ్జిగ పోస్తే, మజ్జిగ వల్ల హాని లేకపోయినా, ఆ వారం చేజారుతుంది. మందు వేసిన తర్వాత, కాచిన పాలతో చేసిన మజ్జిగను తల్లి పాలకు అదనంగా గిన్నెలో పెడితే దూడ కోలుకోవడానికి అది పనికొస్తుంది.